నొప్పి మీద, గాభరా మీద కవిత: ఎక్కడ చెడుతోంది, ఎలా దిద్దాలి

మహేంద్రగిరి నీడ (పర్లాకిమిడి)
ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వైపు తెలుగులో రాసేవాళ్ళం నెలనెలా ఈ వేదికలో కవితలు పంచుకుంటున్నాం కదా. ఈసారి వచ్చినవాటిలో చాలావాటికి విషయం ఒకటే. ఏళ్ళ తరబడి వదలని నొప్పి, దాని వెంటే ఆందోళన. రాసినవాళ్ళ బాధలో సందేహం లేదు. పాదాలు మాత్రం ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. మచ్చుకి ఒకటి, రాసినవారి అనుమతితో:

నా వెన్నులో అగ్నిపర్వతం
నా గుండెలో తుఫాను
కన్నీటి సముద్రంలో
ఆశాదీపం వెతుకుతున్నాను

దిద్దడం ఎక్కడ మొదలుపెట్టాలి? "ధైర్యంగా ఉండండి" అనే మాటలు వద్దు. ఏ పాదం తీసేయాలి, ఏది పెట్టాలి, ఎందుకు పెట్టాలి, అంతవరకే చెప్పండి.

జయపురం ఘాటీ
అక్కా, భావంలో లోటు లేదు, వివరంలో ఉంది. అగ్నిపర్వతం అనేశాక నొప్పి ఎక్కడ మొదలైందో, ఎటు పాకిందో, ఏం చేస్తే పెరుగుతుందో, ఏం చేస్తే తగ్గుతుందో, ఏ వేళకి వస్తుందో చదివేవాళ్ళకి ఒక్కటీ అందదు. డాక్టరు అడిగే ప్రశ్నలే ఇవి. కవిత కట్టే ముందు ఈ ఐదింటికీ తలా ఒక వాక్యం వచనంలో రాసుకోమనండి. "లా", "వంటి", "అనే" అన్న మాటలు వస్తే ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాయాలి. మొదటి చిత్తులో ఉపమానం రానిస్తే అసలు సంగతి దాని వెనక దాక్కుంటుంది, తర్వాత ఎంత వెతికినా దొరకదు.

ఆ ఐదు వాక్యాల్లోంచి పుట్టే కవిత ఇలా ఉండొచ్చు:

కుర్చీలోంచి లేవడానికి
ముందు చెయ్యి లేస్తుంది
బల్ల అంచు దొరికాక
నడుం ఆలోచిస్తుంది

అలంకారం చివరి పాదంలో ఒక్కటే. పై మూడూ కంటితో చూడగలిగినవి కాబట్టే అది నిలబడింది.

రాయగడ ఫిజియో
ఘాటీ గారు చెప్పిన "ఎటు పాకింది" దగ్గర నాదొక మాట. నడుం దగ్గర నరం ఒత్తుకుపోయి కాల్లోకి దిగే నొప్పికి దారి ఉంటుంది. పిరుదు, తొడ వెనక లేదా పక్క, పిక్క, పాదం. ఐదో నడుం నరం అయితే పాదం పైభాగం మీదుగా బొటనవేలి వైపు వెళ్తుంది. దాని కింది నరం, అంటే మొదటి త్రికాస్థి నరం అయితే పాదం బయటి అంచున చిటికెనవేలి వైపు. "కాలంతా మంట" అని రాసినప్పుడు చదివేవాళ్ళకి జాలి కలుగుతుంది. "చిటికెనవేలు" అన్నప్పుడు నమ్మకం కలుగుతుంది.

వేళ కూడా అంతే. కీళ్ళవాతంలో పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి గంటకి పైగా విడవవు, రెండు చేతులకీ ఉంటుంది. అలాంటివారి కవితలో "సాయంత్రానికి వేళ్ళు మొరాయించాయి" అని మొదలుపెడితే, ఆ జబ్బుతో బతుకుతున్నవాళ్ళు అక్కడే ఆగిపోతారు. వాపు వల్ల వచ్చే నడుంనొప్పి చాలామందిలో కదిలితే సడలుతుంది, పడుకుంటే పెరుగుతుంది. బరువులెత్తి తెచ్చుకున్నది సాధారణంగా దీనికి తిరగబడి ఉంటుంది. ఎవరి నొప్పి గురించి రాస్తున్నారో ఆ నొప్పి పద్ధతి తెలుసుకుని రాయాలి.

మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అప్పటికి మొదటి దెబ్బ మానిపోయి ఉన్నా నొప్పి ఉండిపోవచ్చు. కాబట్టి "గాయం" అన్న మాట వాడేముందు ఒకసారి ఆగండి. చాలామందికి చూపించడానికి గాయమే ఉండదు, వాళ్ళ కష్టంలో సగం అదే.

గుణుపురం గొంతు
ఈ కవితలన్నిటా "బాధ", "వేదన", "యాతన". ఇవి మనసుకీ ఒంటికీ పనికొచ్చే మాటలు, అందుకే దేన్నీ గట్టిగా పట్టుకోవు. ఇంట్లో మన ఆడవాళ్ళు చెప్పే మాటల్లో వేగం ఉంటుంది. పోటు నాడితో పాటు కొట్టుకుంటుంది. సలుపు లోపల్నుంచి ఆగకుండా ఉంటుంది, రాత్రికి ఎక్కువ. కలుక్కుమనడం ఒక్కసారే. జివ్వుమనడం పంటిలో, నరంలో. తీపులు పిక్కల్లో. పట్టేయడం, గుంజడం, చిమచిమలాడడం, మొద్దుబారడం, తిమ్మిరెక్కడం దేనికవే వేరు. పోటుని రాస్తే చిన్న పాదాలు, మధ్యలో ఖాళీ. సలుపుని రాస్తే విరామం లేని పొడుగు పాదం. మాట సరిగ్గా దొరికితే పాదం ఎంత పొడుగుండాలో అదే చెబుతుంది.

1975లో రోనాల్డ్ మెల్జాక్ తయారుచేసిన మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే 78 మాటలు, 20 గుంపులుగా ఉంటాయి. దాన్ని తెలుగులోకి దించుకోవాలని ఎవరూ చూడకండి. ఎవరి ఇంటి మాటలతో వాళ్ళు ఒక పట్టీ రాసుకోండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ వాడుక మాట కోసం పట్టుబట్టిన నేల ఇది. నొప్పి మీద రాసేటప్పుడు గ్రాంథికం వెనక దాక్కోవడం మనకి తగదు.

ఒక జాగ్రత్త. దడదడ, చిమచిమ, జివజివ అన్నీ ఒకే కవితలో కుక్కితే డప్పు మోత మిగులుతుంది. కవితకి ఒకటి చాలు.

బరంపురం ఛందస్సు
గొంతు తమ్ముడూ, వాడుక మాట మీద నాకూ పట్టుదలే. కానీ పద్యం కూడా ఈ విషయానికి సాయపడుతుంది. ఆటవెలదిలో 1, 3 పాదాలకి మూడు సూర్యగణాలు (పొట్టి అక్షరగుంపులు), రెండు ఇంద్రగణాలు (కాస్త పొడుగువి). 2, 4 పాదాలకి ఐదూ సూర్యగణాలే. అంటే ఒక పాదం సాగుతుంది, తర్వాతది పొట్టి అడుగులు వేస్తుంది. కుంటుతూ నడిచేవారి నడకకి ఇంతకన్నా దగ్గరి కొలత నాకు కనబడలేదు.

లేవబోవు వేళ లేచును పోటది
చిటికెలోన కాలి చివరిదాక
మంచమంచు పట్టి మాటాడకుండెద
ఐదు లెక్కపెట్టి యడుగు వేతు

యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన అక్షరం, నాలుగో గణం మొదట వస్తుంది. లే–లే, చి–చి, మం–మా, ఐ–య. ప్రాస (పాదాల్లో రెండో అక్షరం కలవడం) అక్కర్లేదు, అందుకే కొత్తవారికి కందం కన్నా ఇది నయం. చెడేది యతి దగ్గరే. యతి కుదరడం కోసం "హా", "అయ్యొ", "అకట" తెచ్చిపెడతారు. నొప్పి పద్యంలో అవి పడితే పద్యం మొత్తం నాటకమైపోతుంది. యతి కుదరకపోతే పాదం మార్చండి, ఏడుపు మాత్రం అతికించకండి.

రాయగడ ఫిజియో
పద్యం బాగుంది మాస్టారూ. "కాలి చివరిదాక" అన్నచోట ఏ వేలో చెప్పొచ్చు కదా?

గుణుపురం గొంతు
గణం చెడకుండానే కుదురుతుంది మాస్టారూ. "చిటికెలోన పిక్క, చిటికెవేలు". క్రియ లేదు కాబట్టి పోటు దూకిన వేగం కూడా వచ్చింది.

బరంపురం ఛందస్సు
భేష్. ఐదూ సూర్యగణాలే, యతీ నిలిచింది. అదే ఉంచుదాం.

కాశీనగర్ దారి
ఇంతసేపూ నొప్పే మాట్లాడారు. గాభరా మీద రాయడం ఇంకా కష్టం, దానికి ఒంట్లో చోటు తక్కువ. "గుండె దడ" అని రాసి ఆగిపోతారు. గాభరా అసలు లక్షణం తిరిగిన చోటికే తిరగడం, దాన్ని కవిత కట్టుబడిలోనే చూపించాలి. ఐదు మాత్రల నడక, ఖండగతి, దీనికి బాగా పనికొస్తుంది (పొట్టి అక్షరానికి ఒక మాత్ర, పొడుగుదానికి రెండు). నాలుగు మాత్రలు స్థిమితంగా కూర్చుంటాయి, ఐదో మాత్ర కూర్చోనివ్వదు.

గడియ వేశానొ లేదో చూసి వచ్చాను
చూసి వచ్చిన సంగతే మరిచిపోయాను

పాదానికి నాలుగు అయిదులు, ఇరవై మాత్రలు. రెండో పాదం కాగానే మొదటిది మళ్ళీ చదవాలనిపిస్తుంది, అదే కావాలి. ఇలాంటి కవితని ఎలా ముగించాలన్నదే చిక్కు. ముగింపు వాక్యం పెడితే అబద్ధం అవుతుంది. మూడోసారి "గడియ వే" దగ్గర తెంచేయండి. ఒక్క సూచన, తిప్పడం మూడుసార్లు మించకూడదు. నాలుగోదానికి చదివేవాళ్ళు పాదం దాటేసి కిందికి వెళ్ళిపోతారు.

గోపాల్‌పూర్ ఒడ్డు
నాకు మాత్రలూ గణాలూ పడవు. ఊపిరితో కొలుస్తాను. పాదాన్ని పైకి చదవండి. ఒక్క ఊపిరిలో హాయిగా వస్తే అది కుదురుగా ఉన్న మనిషి పాదం. గాభరా ఉన్నచోట ఊపిరి తెగాలి, కాబట్టి పాదం మాట మధ్యలో తెగొచ్చు. అయితే కవిత మొత్తం అలాగే తెంపితే పైకి చదివేవారికే ఆయాసం వస్తుంది. ఆందోళన ఉన్నవాళ్ళు తమ కవిత తామే చదివి దడ తెచ్చుకున్న సందర్భాలు సభల్లో కనబడుతూనే ఉంటాయి. మధ్యలో ఒక పొడుగు పాదం, నెమ్మదిగా వదిలే ఊపిరికి సరిపడేది, తప్పకుండా పెట్టండి.

ఒక్కసారిగా ముంచుకొచ్చే తీవ్రమైన గాభరా చాలాసార్లు పది నిమిషాల్లోపే పతాకస్థాయికి వెళ్ళి, తర్వాత దిగడం మొదలవుతుంది. దాని మీద మూడు పేజీల కవిత కుదరదు. పొట్టిగా రాయండి.

ఇంకొకటి, ఆ తుఫాను. గంజాం, గజపతి జిల్లాల్లో ఉండి గుండెలో తుఫాను అని రాయడం నాకు మింగుడుపడదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి కొండల్ని ముంచింది. ఇక్కడివాళ్ళకి తుఫాను ఉపమానం కాదు, ఆందోళనకి కారణం. అక్టోబరులో గాలి కొంచెం మారితే రేకు కప్పుకి తాడు చూసుకోవడం, ఫోన్లు నింపి పెట్టుకోవడం, రేవులో ఎన్నో నంబరు సూచిక ఎగరేశారో పదేపదే కనుక్కోవడం. వీటిని ఉన్నవున్నట్టు వరసగా రాయండి. గుండె మాట ఎత్తకుండానే గుండె వినిపిస్తుంది.

జయపురం ఘాటీ
ఒడ్డు గారి మాటకి నా ఓటు. నొప్పీ గాభరా కలిసే చోటు ఒకటుంది, ఎవరూ రాయడం లేదు. ఇంకా రాని నొప్పికి ముందే చేసుకునే ఏర్పాట్లు అవి. పెళ్ళికి వెళ్ళాలంటే కల్యాణమండపానికి మెట్లెన్ని, కుర్చీకి వీపు ఉంటుందా, భోజనాలు బల్లల మీదా నేల మీదా. బరంపురం బస్సులో వెనక చక్రం మీది సీటు వస్తే కుదుపు నేరుగా నడుముకే తగులుతుంది, అందుకే అరగంట ముందు స్టాండుకి రావడం. ఠాకురాణీ అమ్మవారి యాత్రకి డప్పులు మొదలయ్యే వేళ చూసుకుని తలనొప్పి ఉన్నవారు కిటికీలు మూసుకోవడం. భయం కండరాన్ని బిగిస్తుంది, బిగిసిన కండరం నొప్పిని పెంచుతుంది, నొప్పి నిద్ర చెడగొడుతుంది, నిద్ర లేని మర్నాడు రెండూ పెరుగుతాయి. ఈ చక్రాన్ని వివరించడం వ్యాసం పని. కవితలో "అరగంట ముందు స్టాండు" చాలు.

అలాగే మాత్ర వేసుకున్నాక అది పట్టేదాకా ఉండే అరగంట, ముప్పావుగంట. ఆ వ్యవధిలో మనిషి ఏం చూస్తాడు, ఏం వింటాడు? మొత్తం కవిత అందులోనే నడపొచ్చు.

మహేంద్రగిరి నీడ (పర్లాకిమిడి)
ఎంతో పనికొచ్చింది. రెండు ప్రశ్నలు. చేతి నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్ళు అసలు రాసేదెలా? రాత్రి గాభరాగా ఉన్నప్పుడే రాయాలనిపిస్తుందని కొందరు అంటున్నారు, అది మంచిదేనా?

రాయగడ ఫిజియో
మొదటిదానికి జవాబు. నొప్పి వచ్చేదాకా రాసి ఆపకూడదు, గడియారం చూసి ఆపాలి. పది నిమిషాలు రాయడం, ఐదు నిమిషాలు లేచి తిరగడం. "ఇవాళ బాగుంది" అని రెండు గంటలు రాసేస్తే మర్నాడు, ఎల్లుండి పెన్ను పట్టలేరు. దీర్ఘకాలిక నొప్పిలో ఎక్కువమంది పడే గొయ్యి ఇదే. సన్న పెన్ను వేళ్ళని బిగించి పట్టిస్తుంది కాబట్టి లావు పట్టు ఉన్నది వాడండి, లేదంటే సన్నదానికే గుడ్డపీలిక చుట్టండి. పడుకుని రాసేవాళ్ళకి బాల్‌పెన్ను పనికిరాదు, మొన పైకి ఉంటే సిరా దిగదు. మెత్తటి పెన్సిలు, క్లిప్పున్న అట్ట వాడుకోండి. ఫోను ఒళ్ళో పెట్టుకుని వంగితే మెడ బరువంతా వెనక కండరాల మీద పడుతుంది. దిండు మీద పెట్టి కళ్ళ ఎత్తుకి తెచ్చుకోండి.

గుణుపురం గొంతు
ఫోనులో మాటని అక్షరంగా మార్చే సదుపాయం తెలుగుకీ ఉంది. కానీ అది తరచు మన యాసని దిద్దేస్తుంది. "పీకేస్తంది" అంటే "పీకేస్తుంది" అని కొడుతుంది, పాద విభజన కూడా తెలియదు. అందుకని ముందు రికార్డరులో గొంతు దాచుకోండి. మాట్లాడేటప్పుడు పాదం ముగిసినచోట వేలితో బల్ల మీద ఒకసారి కొట్టండి. తర్వాత ఎవరు ఎత్తి రాసినా ఆ చప్పుడు దగ్గర విరుస్తారు.

కాశీనగర్ దారి
రెండో ప్రశ్నకి జవాబు. గాభరా నడిమధ్యలో కవిత రాయొద్దు. అప్పుడు మూడే మాటలు రాయండి. ఏం కనబడింది, ఏం వినబడింది, చేతికి ఏం తగిలింది. "ఫ్యాను, కుక్క, చల్లని గోడ". మర్నాడు పగలు వాటి మీద పనిచేయండి.

1986లో మనస్తత్వవేత్త జేమ్స్ పెనెబేకర్ బృందం వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాల చొప్పున మనసులో దాచుకున్నది రాయించి చూసింది. రాసిన వెంటనే చాలామందికి మనసు బరువెక్కిందని అందులోనే తేలింది. అంటే రాసి లేచాక ఆ బరువు దించుకోవడానికి టైము మిగుల్చుకోవాలి. నిద్రకి ముందు రాస్తే ఆ టైము ఉండదు. ఇంకో సంగతి, వాళ్ళు రాయించింది వచనం, ఎవరికీ చూపించాల్సిన పని లేనిది. కవితకి అది పచ్చి సరుకు. రెండింటికీ రెండు పుస్తకాలు పెట్టుకోండి. ఒకటి తాళంలో ఉండాలి.

ఒకే భయాన్ని రోజూ అవే మాటల్లో రాస్తుంటే అది రాత కాదు, మనసులో తిరిగే గానుగ కాగితం మీదికి వచ్చినట్టు. మాటలు మారకపోతే ఓ వారం ఆ విషయం వదిలేసి పెరట్లో చెట్టు మీద రాయండి.

కొత్త సభ్యురాలు 7
నమస్తే అండి. డాక్టరుగారు ఒడియాలో అడుగుతారు, ఇంట్లో తెలుగు. ఒడియా మాట కవితలో వచ్చేస్తే తీసేయాలా?

గుణుపురం గొంతు
తీసేయకమ్మా. ఎవరి నోట వచ్చిందో వారి నోటనే ఉంచు, కింద అర్థం ఇవ్వకు, తర్వాతి పాదమే అర్థం చెప్పాలి.

కేఉంఠి కొష్టొ హెఉఛి?
అన్నారు డాక్టరు
వేలు పెట్టి చూపిద్దామంటే
వేలే నొప్పి

ఒడియా రానివాళ్ళకి కూడా ఏం అడిగారో తెలిసిపోయింది. ఒక కవితకి అలాంటి పలుకు ఒకటే. ఎక్కువైతే ఊరి గొప్ప చూపించుకున్నట్టుంటుంది, నొప్పి వెనకబడుతుంది.

బరంపురం ఛందస్సు
ఇక ఆశాదీపం సంగతి. ఎవరూ ముట్టుకోలేదు. చివర ఆశ ఉండకూడదని నేననను. కానీ పై మూడు పాదాల్లో లేనిది నాలుగో పాదంలో ఊడిపడకూడదు. రాసేవాళ్ళు చదివేవాళ్ళ మీద జాలిపడి దీపం వెలిగిస్తారు. మానని జబ్బుతో ఉన్నవాళ్ళకి ఆ దీపం "నువ్వు ఇంకా గట్టిగా ప్రయత్నించలేదు" అన్నట్టు వినబడుతుంది. ఉన్న ఉపశమనం ఎంతో అంతే రాయండి. ఎండలో వీపు పెట్టుకున్న పావుగంట, వేడినీళ్ళ గుడ్డ, పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు. నిజంగా తగ్గించేవి ఇవి, కాబట్టి ఆశ కూడా వీటిలోంచే రావాలి.

గోపాల్‌పూర్ ఒడ్డు
చిన్నదిగా రాయాలనుకునేవారికి నానీ మంచి కొలత. నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు, మొదటి రెండిటిలో ఒక మాట, చివరి రెండిటిలో దాని మలుపు. డాక్టర్లు సున్నా నుంచి పది దాకా అంకె అడుగుతారు కదా, దాని మీద:

నొప్పి ఎంత?
పదికి ఏడు అన్నాను
మిగతా మూడు
రాత్రికి దాచుకున్నాను

సరిగ్గా 25. చాలామంది నానీల్లో చెడేది నాలుగో పాదం. అక్కడ సామెతలాంటి తీర్పు పెడతారు. మలుపు కావాలి, తీర్పు కాదు.

జయపురం ఘాటీ
ఇంట్లోవాళ్ళ గురించి ఒక మాట చేర్చాలి. నొప్పి కవితల్లో మందులు అందించే కోడలు, విసుక్కున్న భర్త, నిద్రలేని అమ్మ వస్తారు. వాళ్ళు ఒప్పుకుంటేనే గుర్తుపట్టే వివరం ఉంచండి. ఊరు చిన్నది, "మా వీధి చివరి ఇల్లు" అంటే చాలు, తెలిసిపోతుంది. బంధుత్వం మార్చినా కవిత చెడదు. వారి మాట మాత్రం మార్చొద్దు.

రాయగడ ఫిజియో
ఇది అందరికీ, గట్టిగా చెబుతున్నాను. ఇక్కడికి వచ్చే కవితని ముందు మనిషిగా చదవండి. నడుంనొప్పి కవితలో "కూర్చునే చోట మొద్దుబారింది", "మూత్రం తెలియడం లేదు" అని కొత్తగా కనబడితే బాగుందని రాయకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళమని చెప్పండి, అది గంటల్లో చూపించాల్సిన లక్షణం. మొదటిసారి వచ్చిన గుండెనొప్పిని గాభరా అని ఎవరూ తేల్చేయకండి.

చచ్చిపోవాలన్న మాట పాదంలో కనబడితే, అది అలంకారమేమో అని ఊహించుకుని ఊరుకోకుండా విడిగా ఫోన్ చేసి నేరుగా అడగండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే వారిని ఒంటరిగా వదలకుండా ఇంట్లో నమ్మకమైనవారికి, డాక్టరుకి చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

మహేంద్రగిరి నీడ (పర్లాకిమిడి)
ఈ చివరి మాటని వేదిక పైన అందరికీ కనబడేలా పెడుతున్నాను. అగ్నిపర్వతం కవిత రాసినవారు ఇదంతా చదివారు. ఆ ఐదు ప్రశ్నలకి వచనంలో జవాబులు పంపారు, కవిత ఇంకా మొదలుపెట్టలేదు. జవాబుల్లో ఒకటి: "గిన్నెలు తోమేటప్పుడు తొట్టె అడుగున ఉన్న గరిటె కోసం వంగలేను, నీళ్ళు పోయేదాకా ఆగుతాను."

గుణుపురం గొంతు
అక్కా, దాన్ని ఇంకేం కదపొద్దని చెప్పండి. "ఆగుతాను" దగ్గరే ముగించమనండి. పైన పాదాలు విరిస్తే చాలు.

కొత్త సభ్యురాలు 7
మా పిల్లలు ఒడియా మీడియం, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్ళు రాయొచ్చా ఇక్కడ?

కాశీనగర్ దారి
ఒడియా అక్షరాల్లోనే తెలుగు రాసి పంపమను తల్లీ, లేదంటే గొంతు పంపమను. పాదం ముగిసినచోట బల్ల మీద కొట్టడం మరచిపోవద్దని చెప్పు. ఎత్తి రాసే పని నాది. రాసినదాన్ని మళ్ళీ చదివి వినిపిస్తాను, వాళ్ళు సరే అన్నాకే ఇక్కడ పెడతాను.